కనకలక్ష్మిని అడిగిన ప్రశ్న

ఫిబ్రవరి 12, గురువారం

స్టీలు కంపెనీవాళ్ళు ఏటా ఇచ్చే డైరీలో సరుకు ఎప్పుడొచ్చిందో తప్ప నేనేమీ రాయను. ఈ ఏడు కనకలక్ష్మి మోకాలి సంగతి కూడా రాద్దామనుకున్నాను. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆమె ఆసుపత్రిలో పడుకోబోవడం ఇదే మొదటిసారి. కాన్పు కూడా ఇంట్లోనే అయింది.

ఆపరేషన్ మార్చి ఆరు, శుక్రవారం, ఉదయం పదీ పదిహేనుకి. టైమ్ సిద్ధాంతిగారు పెట్టారు. ఆ రోజు దాటితే మళ్ళీ నాలుగు నెలలదాకా ఆమె నక్షత్రానికి మంచిరోజు లేదట. డాక్టర్ కిరణ్ కుమార్ గారికి ఆ మాటే చెబితే నవ్వి సరేనన్నాడు. అందరూ అడుగుతూనే ఉంటారట.

ఈలోపల శివరాత్రి ఉంది. కోటప్పకొండ కింద మా సత్రంలో ఇరవై రెండేళ్ళుగా మొదటి వరస కనకలక్ష్మే వడ్డిస్తుంది. పోయినేడు నొప్పితో కుర్చీలో కూర్చుంటే వచ్చినవాళ్ళంతా జాలిగా పలకరించారు. సత్రం ప్రెసిడెంటుని, నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని ఇవాళ మధ్యాహ్నం కొట్టు మూసి ఆమెను బ్రహ్మయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. పేరుకి ఆరెంపీ అయినా మా బజారులో సగం మోకాళ్ళు అతని సూది మీదే నడుస్తున్నాయి.

బ్రహ్మయ్య కుడి మోకాలి చిప్ప పక్కన నొక్కి చూసి, ఇంత పొడుగు సూది లోపలికి దించాడు. కనకలక్ష్మి నా చొక్కా పట్టుకుంది.

"నెల దాకా నొప్పి అనే మాటే ఉండదు సుబ్బయ్య గారూ. ఆపరేషన్ డాక్టర్లకి మాత్రం చెప్పమాకండి. వాళ్ళకి మేమంటే పడదు," అన్నాడు.

ఆమెను నాలుగడుగులు వేయించి, "ఏందమ్మా, నొప్పి ఉందా?" అని అడిగాడు.

"ఏం లేదు," అన్నాను నేను. చక్కగా నడిచింది కదా.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న కొండ దగ్గర కనకలక్ష్మి మూడు వరసలు వడ్డించింది! పులిహోర బేసిన్ నడుముకి ఆనించుకుని ఆమె వస్తుంటే జనం నోళ్ళు తెరిచి చూశారు. "ఏందయ్యా సుబ్బయ్యా, ఆపరేషన్ లేకుండానే మీ ఆవిడ చిన్నపిల్ల మాదిరి తిరుగుతుంది?" అని చిలకలూరిపేట మిల్లువాళ్ళు అడిగారు. నేను మీసం మెలేయలేదు గానీ, వేసినట్టే.

వచ్చేటప్పుడు కారులో కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకుంది. ఇంటికొచ్చాక గానీ తెరవలేదు. పాపం, అలసిపోయినట్టుంది.

మార్చి 2, సోమవారం

ఆపరేషన్‌కి ముందు పరీక్షలు. రక్తం, ఎక్స్‌రే, గుండె, అన్నీ అయ్యాక డాక్టరు గది బయట కూర్చున్నాం. మా ముందు మాచర్ల నుంచి వచ్చిన పెద్దాయన లోపలికి వెళ్ళి, ముఖం వేలాడేసుకుని బయటికొచ్చాడు. నెల క్రితం ఎక్కడో మోకాలికి ఇంజెక్షన్ చేయించుకున్నాడట. మూడు నెలలు దాటాక రమ్మని పంపేశారు. ఆయన కొడుకు ఫోన్‌లో ఎవరినో తిడుతూ మెట్లు దిగాడు.

కనకలక్ష్మి నా వైపు చూసింది. నేను గోడ మీద ఎముకల బొమ్మ చూస్తున్నాను.

లోపల డాక్టరు కాగితం పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. ఆమెనే చూస్తూ అడిగాడు గానీ నేనే చెప్పాను. షుగర్ ఎప్పటినుంచి? ఎనిమిదేళ్ళు, అదుపులోనే ఉంది. పళ్ళు పుచ్చాయా? లేవు. అరికాళ్ళు పగిలాయా? మందు రాస్తున్నాం. ఒంటిమీద పుండ్లు, కురుపులు? లేవు.

"గత మూడు నెలల్లో ఈ మోకాలికి ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా అమ్మా?"

కనకలక్ష్మి నోరు తెరిచింది.

"లేదండి," అన్నాను.

ఆయన టిక్కు పెట్టుకున్నాడు. ఆమె పవిట సర్దుకుంది.

నా స్టీలు గిన్నెల కొట్టులో కూడా అంతే. గిన్నె చేతిలో పట్టుకున్నవాడికి ఆలోచించుకునే టైమ్ ఇవ్వకూడదు, ఇస్తే పక్క కొట్టుకి పోతాడు.

అయినా అది అబద్ధమేమీ కాదు. బ్రహ్మయ్య వేసింది నొప్పికి. ఈయన అడిగింది మోకాలికి.

మార్చి 6, శుక్రవారం

పదీ పదిహేనుకి లోపలికి తీసుకెళ్ళారు. సెకను తేడా లేదు.

మార్చి 8, ఆదివారం

నిన్న, ఇవాళ కలిపి ముప్ఫై ఎనిమిది మంది పలకరించడానికి వచ్చారు. అంతమంది రావడం ఊళ్ళో ఎవరికి సాధ్యం? మంచం మీద కూర్చుని కనకలక్ష్మి కాలు నిమిరి మరీ వెళ్ళారు.

జమీలా అని ఒక నర్సమ్మాయి ఉంది. రంజాన్ ఉపవాసాల్లో ఉండి కూడా నోరు తగ్గదు. ఒకసారికి ఇద్దరే రావాలట, మంచం మీద కూర్చోకూడదట, తలుపు దగ్గర సీసాలో మందు చేతులకి రాసుకునే లోపలికి రావాలట. మా వాళ్ళని అంత మాట అంటావా అని గట్టిగా అరిచాను.

"బాబాయ్ గారూ, మీ చుట్టాలు మీకు ముద్దే. ఈ కాలికి కాదు," అంది.

కనకలక్ష్మి నవ్వింది. ఈమధ్య ఆమె నవ్వగా చూడలేదు.

కట్టు మార్చేటప్పుడు నన్ను కూడా బయటికి పొమ్మని తలుపు వేసేసింది. నా భార్య కాలు నేను చూడకూడదా? అంతసేపూ వరండాలో నిలబడి సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను. ముహూర్తం బ్రహ్మాండంగా కుదిరిందని చెప్పాను.

మార్చి 10, మంగళవారం

ఇంటికొచ్చాం. వాకర్ పట్టుకుని గుమ్మం దాటింది. మా అమ్మాయి కీర్తి చిలకలూరిపేట నుంచి వచ్చి దిష్టి తీసింది. నొప్పి లేదు.

మార్చి 19, గురువారం, ఉగాది

పచ్చడి తానే కలిపింది, వాకర్‌తో దేవుడి గదిదాకా నడిచింది. కట్టు కింద కొంచెం తడిగా, జిగురుగా ఉందని కీర్తి అంది. ఎండలు ముదిరాయి, చెమట అయి ఉంటుంది.

మార్చి 20, శుక్రవారం

చెమటే.

మార్చి 21, శనివారం

చెమట కాదు.

పొద్దున్న ఒళ్ళు కాలిపోతోంది. కీర్తి కట్టు విప్పింది. కుట్ల మధ్య నుంచి చీము కారుతోంది, వాసన. మోకాలు ఎర్రగా, తట్టుకోలేనంత వేడిగా ఉంది. నేను చూస్తూ నిలబడిపోయాను. కీర్తి "నాన్నా, కారు తియ్యి, కారు తియ్యి నాన్నా," అని ఎన్నిసార్లు అరిచిందో తెలియదు. తాళం చేతిలోనే పెట్టుకుని తాళం కోసం ఇల్లంతా వెతికాను.

మార్చి 22, ఆదివారం

మోకాల్లోంచి సూదితో తీసిన నీరు మజ్జిగలా ఉంది. డాక్టరు గ్లవ్స్ తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిలబడి చెప్పే మాట కాదని అప్పుడే అర్థమైంది.

ఇన్ఫెక్షన్ లోపల కీలుదాకా పోయింది. రేపు మళ్ళీ తెరిచి కడగాలి, మధ్యలో పెట్టిన ప్లాస్టిక్ ముక్క మార్చాలి. తర్వాత వారాల తరబడి మందులు. దానికీ లొంగకపోతే పెట్టిన కీలు మొత్తం తీసేసి, కొన్ని నెలలు కాలు మడవకుండా ఉంచాలి. ఆ తర్వాత కూడా మామూలుగా నడుస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో అంతా గుర్తు లేదు. మీ ఆసుపత్రిలోనే వచ్చింది, మీ చేతుల మీదుగానే వచ్చింది, ఆ నర్సు చేతులు కడగదు, కర్టెన్ పట్టుకున్న చేత్తోనే కట్టు విప్పింది, నా కళ్ళతో చూశాను అన్నాను. వార్డంతా విన్నది.

మార్చి 23, సోమవారం

ఏడూ నలభై అయిదుకి తీసుకెళ్ళారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం. నేను నోరెత్తలేదు.

మార్చి 24, మంగళవారం

ఫిర్యాదు ఇచ్చాను. నేను చెబుతుంటే కీర్తి రాసింది. కర్టెన్ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆపి, "నువ్వు నిజంగా చూశావా నాన్నా?" అంది. చూడకుండా చెబుతానా?

సాయంత్రానికి జమీలాని వార్డు నుంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నారట. ఎవరో ఒకరికి బుద్ధి రావాలి కదా. మంచి పని చేశాను.

మంచి పనే చేశాను.

మార్చి 26, గురువారం

డాక్టర్ కిరణ్ కుమార్ ఇవాళ మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఇలాంటిది నూటికి ఒకరికో ఇద్దరికో వస్తుందట. థియేటర్లో మా వల్లా రావచ్చు, వార్డులో రావచ్చు, ఇంట్లోనూ రావచ్చు అన్నాడు. షుగర్ ఉన్నవాళ్ళకి, పుచ్చిన పళ్ళు ఉన్నవాళ్ళకి, కాళ్ళు పగిలినవాళ్ళకి, గాయం చుట్టూ జనం మూగినచోట ఎక్కువట. వేళ్ళు మడుస్తూ చెబుతున్నవాడు చివరి వేలు దగ్గర ఆగాడు.

"ఆపరేషన్‌కి ముందు మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడినా ఎక్కువే. అక్కడ ఒంటికుండే రక్షణని అది అణిచేస్తుంది. అందుకే మూడు నెలలు ఆగుతాం. ఇంకోసారి అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. ఏమన్నా వేయించారా?"

"లేదండి," అన్నాను.

ఈసారి ఏ ముహూర్తమూ లేదు. ఊరికే నోటికి అదే వచ్చింది.

కనకలక్ష్మి గోడ వైపు తిరిగింది. తిరగడానికి ఆ కాలు సహకరించదు. అయినా తిరిగింది.

మార్చి 27, శుక్రవారం

పొద్దుటి నుంచి ఒకటే మాట మాట్లాడింది.

"ఆ పిల్ల ఏదండీ?"

సెలవులో ఉందన్నాను.

మార్చి 28, శనివారం

ఇవాళ్టిది కూడా రాస్తాను.

జమీలా వచ్చింది. యూనిఫాం లేదు, మామూలు చుడీదార్, చేతిలో రంజాన్ పండక్కి ఇంట్లో చేసిన సేమియా డబ్బా. ముందు నేను గుర్తుపట్టలేదు. తలుపు దగ్గర సీసాలోంచి మందు తీసి మోచేతులదాకా రాసుకుంది. మంచం దగ్గరికి రాలేదు, దూరం నుంచే కనకలక్ష్మికి దండం పెట్టింది. ఆ తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది.

తిట్టడానికే వచ్చిందనుకుని నేను కూడా గొంతు సవరించుకున్నాను.

"బాబాయ్ గారూ, నేను కర్టెన్ ముట్టుకోవటం మీరు చూశారంట గదా," అంది. "నాకు గుర్తు రావట్లా. వారం నుంచి అదే ఆలోచిస్తన్నా. ట్రే పెట్టా, చేతులు కడిగా, గ్లవ్స్ వేసుకున్నా. మధ్యలో ఏం చేశానో గుర్తు రావట్లా. మీరు సరిగ్గా చెప్పండి. నా వల్లే అమ్మకి ఇట్టా అయితే నేను ఈ పని మానేస్తా. ఇంకో మనిషి ఒంటి మీద చెయ్యి వేయను."

నేను ఆ పిల్ల ముఖం చూశాను. ఏడుపు లేదు, కోపం లేదు. నేను చెప్పేది నిజమని నమ్మి, నన్నే సాక్ష్యం అడుగుతోంది. ఫోన్ వచ్చిందని అబద్ధం చెప్పి మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ డైరీలో మార్చి ఎనిమిది పేజీ తీశాను. నన్ను బయటికి పొమ్మని తలుపు వేసిందని రాసి ఉంది. వరండాలో నిలబడి ఫోన్ చేశానని రాసి ఉంది. నా చేతిరాతే.

నేనేమీ చూడలేదు. చూడలేదనే సంగతి కూడా నాకు తెలియలేదు. చూశానని ఎంత గట్టిగా చెప్పానంటే నాకు ఆ కర్టెన్ రంగు కూడా కనిపించింది.

మార్చి 29, ఆదివారం

బ్రహ్మయ్య మీదికి వెళ్దామని బయలుదేరి, గుళ్ళో గంట వినపడేసరికి మధ్యలో ఆగిపోయాను. అతను నా ఇంటికి రాలేదు. నేనే అతని దగ్గరికి వెళ్ళాను.

మార్చి 30, సోమవారం

విచారణ కనకలక్ష్మి మంచం దగ్గరే జరిగింది. డాక్టర్ కిరణ్ కుమార్, నర్సుల పైన ఉండే పెద్ద మేడమ్, కీర్తి. తలుపు పక్కన జమీలా, చేతులు వెనక్కి పెట్టుకుని.

నిన్నంతా నేను ఒక ఉపాయం ఆలోచించాను. కర్టెన్ సంగతి నాకు సరిగ్గా గుర్తు లేదంటాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, పిల్ల ఉద్యోగం పిల్లకి వస్తుంది. ఇంజెక్షన్ మాట ఎత్తాల్సిన పని లేదు. అందరికీ మర్యాద దక్కుతుంది.

మేడమ్ కనకలక్ష్మినే అడిగింది. "అమ్మా, మీరు చెప్పండి. జమీలా కట్టు మార్చేటప్పుడు ఏమన్నా తేడా కనిపించిందా? ఈ ఇన్ఫెక్షన్ గురించి మేం తెలుసుకోవాల్సింది ఇంకేమన్నా ఉందా?"

ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. అడిగింది ఆమెను, చూసింది నన్ను. డాక్టరు కూడా. వాళ్ళకి అంత అలవాటు చేశాను నేను.

నువ్వే చెప్పవే, నా బరువు దించవే అన్నట్టు కనకలక్ష్మిని చూశాను.

"ఆయన్నే అడగండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా జవాబులన్నీ ఆయనే చెప్తారు. మొదటి రోజు నన్ను అడిగిందానికీ ఆయనే చెప్పారు, మొన్న అడిగిందానికీ ఆయనే చెప్పారు. ఇది కూడా ఆయన్నే చెప్పమనండి."

ఇలా మాట్లాడగలదని నాకు తెలియదు. నాకు నిజంగా తెలియదు.

మంచం పట్టీ పట్టుకున్నాను. చెప్పాను. ఫిబ్రవరి పన్నెండు, గురువారం, కుడి మోకాలు, తెల్ల మందు. వేయించింది నేను. సత్రంలో వడ్డన కోసం. దాచింది నేను. ముహూర్తం కోసం. ఆ అమ్మాయి కట్టు మార్చేటప్పుడు నేను గదిలోనే లేను.

కీర్తి "నాన్నా" అంది. తిట్టినా బాగుండేది.

డాక్టరు ఫైలు తెరిచి మార్చి రెండో తారీఖు కాగితం తీశాడు. నేను చెప్పిన దాని మీద అడ్డంగా గీత గీసి, తేదీ మళ్ళీ చెప్పమని రాసుకున్నాడు.

"ఇదే కారణమని నేను చెప్పలేను సుబ్బయ్య గారూ. కాదని కూడా చెప్పలేను," అన్నాడు. "కానీ నాకు ఈ సంగతి తెలిసుంటే ఆ రోజు నేను కత్తి పట్టేవాణ్ణి కాదు."

జమీలా బయటికి వెళ్ళింది. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని గట్టిగా ఏడ్చింది. లోపలికి వినపడింది.

ఏప్రిల్ 1, బుధవారం

జ్వరం తగ్గింది. రక్త పరీక్షలో ఇన్ఫెక్షన్ అంకె కొంచెం దిగింది. కీలు ఉంటుందో తీసేస్తారో చెప్పడానికి ఇంకా టైమ్ పడుతుందన్నారు. సత్రం ప్రెసిడెంటు పదవికి రాజీనామా కాగితం రాశాను. ఎవరూ అడగలేదు. రాయాలనిపించింది.

కనకలక్ష్మి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. నీళ్ళు, మాత్ర, ఫ్యాను.

ఏప్రిల్ 4, శనివారం

జమీలా డ్యూటీకి వచ్చింది. నాకు దణ్ణం పెట్టలేదు. పెట్టకపోవడమే బాగుంది. సీసా వైపు చూపించింది, నేను వెళ్ళి చేతులకి రాసుకుని వచ్చాను.

కాగితం పట్టుకుని రోజూ అడిగేవి అడిగింది. ఆకలి, నిద్ర, విరేచనం. కనకలక్ష్మే చెప్పింది. నేను పళ్ళబుట్టలో బత్తాయిలు సర్దుతున్నాను.

"నొప్పి ఉందా అమ్మా?"

నా నోట్లో "లేదు" తయారుగా ఉంది. నాలిక కొసదాకా వచ్చింది. బత్తాయి గట్టిగా పట్టుకుని నోరు మూసుకున్నాను.

కనకలక్ష్మి అలవాటుగా నా వైపు చూసింది. నేను మాట్లాడకపోయేసరికి ఇంకాసేపు చూసింది.

"ఉంది," అంది. "చానా ఉంది."

"ఎప్పటి నుంచి?"

"కొత్తది కాదమ్మా. ఆపరేషన్‌కి ముందు ఆ సూది వేయించారు చూడు, దానికి కూడా పోలా. కొండ కాడ మూడు వరసలూ ఆ నొప్పితోనే వడ్డించా."

నా చేతిలోంచి బత్తాయి జారి మంచం కిందికి దొర్లింది. ఆ సూది పనిచేయనే లేదు. పనిచేయని సూది కోసం ఈ కాలు, ఈ పిల్ల ఉద్యోగం, ఇన్ని అబద్ధాలు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"బ్రహ్మయ్య అడిగాడుగా," అంది. "మీరు ఏం లేదని చెప్పేశారు."

జమీలా తలెత్తకుండా రాసుకుంది. తర్వాత ఒకటి నుంచి పది దాకా అంకె వేయమంది, పది అంటే అస్సలు ఓర్చుకోలేనిదని చెప్పింది. కనకలక్ష్మి కళ్ళు మూసుకుని ఆలోచించుకుంటోంది. చాలాసేపు తీసుకుంది. జమీలా పెన్ను పట్టుకుని ఆగింది. నేనూ ఆగాను.